అప్‌డేట్: బెయిల్ వచ్చినా జైల్లోనే ఉన్న మా తమ్ముడి సంగతి

అప్పుడు అడిగినా కదా, కడపలో మా చిన్నాయన కొడుకు బైక్ దొంగతనం కేసులో బెయిల్ వచ్చినా ఇద్దరు షూరిటీలు (వాడు కోర్టుకి వస్తాడని పూచీ పడే మనుషులు) దొరక్క లోపలే ఉండాడు ఏం చేయాలా అని. వచ్చేసినాడు.

మీలో ఒకరు చెప్పినట్టే జిల్లా న్యాయ సేవాధికార సంస్థకి పోయినాం (15100కి ఫోన్ చేసినా చెప్తారు). కస్టడీలో ఉన్నోళ్లకి ఆదాయంతో పనిలేకుండా లాయర్ ఫ్రీ అంట, మాకీ ముక్క ముందే ఎవరూ చెప్పలా. బెయిల్ వచ్చి ఏడు రోజుల్లో మనిషి బయటికి రాకపోతే జైలు వాళ్లే ఆ సంస్థకి తెలపాలని, నెలలోపు షూరిటీ పెట్టలేకపోతే షరతులు సడలించే విషయం కోర్టే తనంతట తాను చూడొచ్చని 2023 జనవరిలో సుప్రీంకోర్టు చెప్పిందంట, లాయరమ్మ అదే పట్టుకుని పిటిషన్ వేసింది. జడ్జిగారు ఒక షూరిటీ చాలన్నారు, మా మామ ఇంటి పన్ను రసీదు, ఆధార్ తీసుకొని వచ్చి సంతకం పెట్టినాడు.

అదే కేసులో రెండో పిల్లోడికి పొలం ఉంది, వాడు బెయిల్ వచ్చిన మర్నాడే ఇంటికి పోయినాడు. ఇదేం న్యాయమో! కోర్టు గేటు కాడ ఒకాయన డబ్బిస్తే షూరిటీ మనిషిని నేనే తెస్తా అన్నాడు, దొంగ కాగితాలని తేలితే ఇంకో కేసు, వాళ్ల జోలికి పోవాకండి.

చార్జిషీట్ ఇంకా వేయలా. వీడు పనికి బెంగళూరు పోవాలంటే కోర్టు పర్మిషన్ కావాల్నా, తెలిసినోళ్లు చెప్పండి.