ఆ సన్యాసి బొమ్మలో ఉన్నది సాయంత్రమా, తెల్లారుజామా?

కోఠీవాలా: జర్మన్ పెయింటర్ కాస్పర్ డేవిడ్ ఫ్రీడ్రిష్ 1808–1810లో గీసిన 'సముద్రం ఒడ్డున సన్యాసి' ఎవరన్న చూసిన్రా? ఆదివారం అబిడ్స్ ఫుట్‌పాత్ మీద పాత బుక్కులో దొరికింది. మబ్బు మబ్బుగా పసుప్పచ్చటి ఆకాశం, కింద నల్ల సముద్రం, ఇసుక మీద మనకు వీపు చూపిస్తూ గోరంత మనిషి. పొద్దుగూకి అందరూ పోయినంక మిగిలినోడి లెక్క ఉన్నడు. ఏడుపొచ్చింది.

ఉప్పల్‌బొమ్మలు: అన్నా, మీకు ఏడుపొచ్చింది బొమ్మ మీద పూసిన పాత వార్నిష్ చూసి. బెర్లిన్‌లో ఆ పచ్చబడ్డ వార్నిష్ తీసేసి 2016లో మళ్ళీ గోడకి పెట్టారు, ఇప్పుడు ఆకాశంలో నీలం తెలుస్తోంది, కింద చీకటి మబ్బు, పైకి పోయేకొద్దీ తెలుపు. తెల్లారుతోందక్కడ.

ఇరానీచాయ్: ఇద్దరూ ఫోన్ బ్రైట్‌నెస్ సేమ్ పెట్టుకొని కొట్టుకోండి

కోఠీవాలా: వార్నిష్ తీస్తే దుఃఖం పోతదా? ఫ్రీడ్రిష్‌కు 13 ఏళ్ళున్నప్పుడు తమ్ముడు నీళ్ళల్ల మునిగి చచ్చిపోయిండు. ఈ బొమ్మల ముందు ఓడలు గూడ గీసిండు, తర్వాత రంగేసి కప్పేసిండు, లోపలి గీతలు చూపెట్టే ఇన్‌ఫ్రారెడ్ ఫొటోలల్ల దొరికినయి. తోడున్నయన్నీ తీసేసిండు అంటే ఏందర్థం?

ఉప్పల్‌బొమ్మలు: నేను వెలుతురు అడుగుతుంటే మీరు తమ్ముడి దగ్గరికెళ్తారేంటి. సూర్యుడు లేడు, చంద్రుడు లేడు, సాయంత్రం అని ఎలా చెప్పారు?

కోఠీవాలా: మరి తెల్లారిందని నువ్వెట్ల చెప్పినవ్?

ఇరానీచాయ్: పాయింట్

ఉప్పల్‌బొమ్మలు: అసలు ఒక్కడే నిలబడితే ఏడుస్తున్నాడనే ఎందుకనుకుంటారండీ?? పెళ్ళి వద్దనుకుని ఒక్కదాన్నే ఉంటున్నా, సాయంత్రం బాల్కనీలో లైటెయ్యకుండా కూర్చుంటానా, ఎవరొచ్చినా ముందు టక్కున స్విచ్ వేసి "చీకట్లో కూర్చున్నావేంటమ్మా పాపం" అంటారు. చీకటి కాదు అది, ఆ టైమ్ వెలుతురు నాకిష్టం. మీ పోస్ట్ చూస్తే ఆ స్విచ్ చప్పుడే వినిపించింది.

కోఠీవాలా: నిన్నెవరన్నరు చెల్లె. మా ఇంటామె పోయి రెండేండ్లయింది. వైజాగ్ బీచ్‌ల ఆమె నీళ్ళ దిక్కు నడుస్తుంటే ఎన్కనుంచి ఒక ఫొటో తీసిన, దాంట్ల గూడ గింతే ఉంటది మనిషి. నాకింకేం కనిపిస్తది చెప్పు.

ఉప్పల్‌బొమ్మలు: సారీ అన్నా. ఆ ఫొటో ఏ టైమ్‌లో తీశారు?

కోఠీవాలా: పొద్దుగాల. ఎండ సీదా నా కండ్లల్ల కొడ్తుండె.

కోఠీవాలా: గాని బొమ్మలది సాయంత్రమే.