కలుపుగోలులో ఈ ‘గోలు’ ఎక్కడిది?

‘కలుపుగోలు మనిషి’ అంటాం కదా, ఆ గోలుకీ గోలకీ ఏమైనా సంబంధం ఉందా అని అడిగారు. నలుగురు చేరితే గోల ఉండేమాట నిజమే గానీ, ఈ మాట అటునుంచి రాలేదు. దీని పుట్టుక మన వాడుకలోనే కనిపిస్తుంది. ‘ఆవిడ అందర్నీ కలుపుకుపోతుంది’ అంటాం చూడండి, ఆ కలుపుకొను నుంచే కలుపుకోలు. ఒప్పుకొను – ఒప్పుకోలు, వేడుకొను – వేడుకోలు, వీడుకొను – వీడుకోలు, అన్నీ ఒకే వరస. కోలు కాస్తా గోలు కావడం కొనుగోలులోనూ ఉంది.

కలియు అంటే తాను కలవడం. తెలియు నుంచి తెలుపు వచ్చినట్టే దాన్నుంచి కలుపు వచ్చింది, అంటే ఇంకొకర్ని కలపడం. దానికి కొను చేరిందంటే ఆ పని తనకోసం చేసుకున్నదవుతుంది, వండుకోవడం, కట్టుకోవడంలాగా. అంటే ఎదుటి మనిషిని పిలిచి తనవాళ్ళలో ఒకరిగా చేసుకోవడమన్నమాట. కలపడం అనే అర్థంలో తమిళంలో ఉన్న కల, కన్నడంలో ఉన్న కలసు ఈ కుదురు మాటలే.

అందుకే కలుపుగోలుతనాన్ని వట్టి సరదా కింద జమకడితే నాకు మనసొప్పదు. విజయనగరంలో పైడితల్లమ్మ పండక్కి తొలేళ్ళ నాటికే, అంటే సిరిమాను ఉత్సవానికి ముందురోజుకే, ఇళ్ళు చుట్టాలతో నిండిపోతాయి. జోకులేసి అందర్నీ నవ్వించేవాళ్ళు ఒకరిద్దరు ఎప్పుడూ ఉంటారు. వాళ్ళు సరదా మనుషులు, కాదనను. కానీ కొత్తగా కాపురానికొచ్చిన అమ్మాయి మూల కూర్చుంటే, ‘ఏటమ్మా, అలా దూరంగా కూకున్నావు? ఇలా రా’ అని పక్కన చోటిచ్చే పెద్దావిడ ఉంటుంది. ఆవిడ ఎక్కువ మాట్లాడకపోవచ్చు, గట్టిగా నవ్వకపోవచ్చు కూడా. కలుపుగోలు అన్న మాట నిక్కంగా ఆవిడకే చెల్లుతుంది.

కలిసిపోయే మనిషి వేరు, కలుపుకుపోయే మనిషి వేరు. మొదటివారు ఎక్కడికెళ్ళినా ఇమిడిపోతారు, అది స్వభావం. రెండోవారు పక్కవాడు ఒంటరిగా ఉన్నాడని గమనించి ఒక అడుగు ముందుకేస్తారు. ఇంత తేడాని ఒక్క ‘పు’తో చెప్పగలగడం నాకెంతో ఇష్టం. ఈమధ్య పిల్లలు ఇద్దరికీ కలిపి ‘ఫ్రెండ్లీ’ అనేస్తున్నారు. మాట తప్పు కాదు గానీ, ఆ తేడా అందులో దొరకదు.

బొబ్బిలి, పలాస వైపు ఇలాంటి మనిషికి ఇంకేదైనా మాట వాడుతుంటే, పెద్దవాళ్ళు అన్నది అన్నట్టుగానే రాయండి.