ప్రెస్లర్ సవరణ విఫలమైందా, లేక అది అంతటి చట్టమేనా?

కడప మిత్రుడు:
తుమ్మలపల్లె యురేనియం గని మన జిల్లాలోనే ఉన్నందువల్ల కావచ్చు, అణు రాజకీయాల మీద మా మిత్రబృందంలో వాదనలు తరచూ జరుగుతుంటాయి. ఈసారి తేలనిది ఇది. పాకిస్తాన్ వద్ద అణు పరికరం లేదని అధ్యక్షుడు ఏటా ధ్రువీకరిస్తేనే ఆ దేశానికి సాయం అందాలని అమెరికా కాంగ్రెస్ 1985లో ప్రెస్లర్ సవరణ ద్వారా షరతు విధించింది. రీగన్, ఆయన తరువాత సీనియర్ బుష్ 1989 వరకు ఆ ధ్రువీకరణ ఇస్తూనే వచ్చారు. 1990 అక్టోబరులో గానీ అది ఆగలేదు. చట్టసభ మంచి చట్టం చేస్తే అధ్యక్షులే దానిని నీరుగార్చారని మాలో ఎక్కువమంది అభిప్రాయం. మీరేమంటారు?

పెన్నేటి పాఠకుడు:
అధ్యక్షులను తప్పుపట్టే ముందు ఆ చట్టం ఎలా పుట్టిందో చూడాలి. పాకిస్తాన్‌లోని కహూటాలో యురేనియం శుద్ధి సాగుతున్నదన్న కారణంతో, అలాంటి దేశాలకు సాయం ఆపే అమెరికా చట్టమైన సిమింగ్టన్ సవరణ కింద 1979 ఏప్రిల్‌లో పాకిస్తాన్‌కు సాయం నిలిచిపోయింది. ఆ ఏడాది చివర సోవియట్ సేనలు అఫ్ఘానిస్తాన్‌లో ప్రవేశించడంతో అమెరికాకు పాకిస్తాన్‌తో అవసరం పడి లెక్కలు తారుమారై, 1981లో కాంగ్రెస్ తాను పెట్టిన అడ్డును ఆరేళ్లపాటు తానే తొలగించి, 320 కోట్ల డాలర్ల సాయానికి దారి ఇచ్చింది. 1984లో సెనేటర్లు క్రాన్‌స్టన్, గ్లెన్ ప్రతిపాదించిన షరతు కఠినమైనది: బాంబు లేదనడమే కాదు, దానిని తయారుచేసే ప్రయత్నమూ జరగడం లేదని అధ్యక్షుడు చెప్పవలసి వచ్చేది. అలా ఏ అధ్యక్షుడూ చెప్పగలిగేవాడు కాదు. అందుకే దాని స్థానంలో దక్షిణ డకోటా సెనేటర్ లారీ ప్రెస్లర్ పేరుతో మెత్తటి షరతు వచ్చింది, రీగన్ ప్రభుత్వం దానికి సమ్మతించింది. తలుపుకు తాళం వేసి చెవిని గుమ్మానికే వేలాడదీసినట్లున్న ఈ చట్టం సాయాన్ని ఆపడానికి కాక, ఆగకుండా చూడడానికే పుట్టిందని నా నిశ్చితాభిప్రాయం.

అనంత సేద్యం:
అయ్యా, అధ్యక్షుడి చేతికి తాళంచెవి ఇవ్వని చట్టం సంగతి కూడా చూద్దాం. 1994 నాటి గ్లెన్ సవరణ ప్రకారం, అణు పరీక్ష జరిపిన దేశంపై ఆంక్షలు తప్పనిసరి. వాటిని రద్దుచేసే వెసులుబాటు అప్పట్లో అధ్యక్షుడికి లేదు. 1998 మే నెలలో భారత్, ఆ వెంటనే 28వ తేదీన చాగైలో పాకిస్తాన్ పరీక్షలు జరపగానే ఆంక్షలు అమలులోకి వచ్చాయి. అయితే అమెరికా వాయవ్య రాష్ట్రాల గోధుమకు పాకిస్తాన్ పెద్ద కొనుగోలుదారు. ఆ కొనుగోలుకు అమెరికా సమకూర్చే ఎగుమతి రుణాలు ఆంక్షలతో ఆగితే తమ పంట ఎవరు కొంటారని అక్కడి రైతులు గట్టిగా నిలదీయడంతో, వ్యవసాయ ఎగుమతులను ఆంక్షల నుంచి మినహాయించే చట్టం జూలై 14 నాటికే సంతకం పూర్తిచేసుకుంది. (అనంతపురం వేరుశనగ రైతు కోసం మన చట్టసభలు ఎన్నడైనా ఇంత వేగంగా కదిలాయా అన్నది వేరే చర్చ.) కాబట్టి లోపం అధ్యక్షుడి విచక్షణలో మాత్రమే ఉందని నేను ఒప్పుకోలేను.

కర్నూలు న్యాయవాది:
1990 నాటి నిలుపుదలను ఇద్దరూ తేలికగా తీసుకుంటున్నారు. పాకిస్తాన్ దాదాపు 66 కోట్ల డాలర్లు చెల్లించిన 28 ఎఫ్-16 యుద్ధ విమానాలు ఆ దేశానికి చేరకుండా ఆగిపోయాయి. ఇది చిన్న దెబ్బ కాదు.

పెన్నేటి పాఠకుడు:
దెబ్బ చిన్నదని నేనూ అనను, న్యాయవాది గారూ. కానీ అది తగిలేనాటికే బాంబుకు కావలసిన సామర్థ్యం పాకిస్తాన్‌కు సమకూరింది. క్షిపణుల కోసం అది చైనా వైపూ, ఉత్తర కొరియా వైపూ చూసింది. పైగా 1989 ఫిబ్రవరిలో సోవియట్ సేనలు అఫ్ఘానిస్తాన్‌ను వీడిన తరువాతనే, అంటే అమెరికాకు పాకిస్తాన్‌తో అవసరం తీరిన తరువాతనే, ధ్రువీకరణ ఆగింది. 1998 ఆంక్షలను రద్దుచేసే అధికారాన్ని 1999లో కాంగ్రెసే అధ్యక్షుడికి అప్పగించింది. న్యూయార్క్‌పై దాడులు జరిగిన కొద్దిరోజులకే, 2001 సెప్టెంబరు 22న, జూనియర్ బుష్ ఆ అధికారాన్ని వాడుకొని ఆ ఆంక్షలను ఎత్తివేశాడు.