ఈతకల్లులో దొరికిన బ్యాక్టీరియాకు పేరు పెట్టడానికి 16ఎస్ జన్యువు ఒక్కటే చాలా?

పెట్రిప్లేటు
అందరికీ నమస్తే. సహజ వనరుల నుంచి ఎసిటిక్ యాసిడ్ బ్యాక్టీరియాను వేరుచేయడం నా పీహెచ్‌డీ పని. ఈతకల్లు, మురిగిన సపోటాలు, చెరుకురసం బండి దగ్గరి పిప్పి తెచ్చి 4 శాతం ఇథనాల్ కలిపిన బ్రాత్‌లో పెంచాను. ఈస్టు అడ్డుపడకుండా సైక్లోహెక్సిమైడ్ వేశాను. తర్వాత జీవైసీ ప్లేట్ల మీద (గ్లూకోజు, ఈస్ట్ ఎక్స్‌ట్రాక్ట్, కాల్షియం కార్బొనేట్) స్ట్రీక్ చేస్తే 23 కాలనీల చుట్టూ సుద్ద కరిగి తేటబడింది. గ్రామ్ నెగటివ్, కెటలేజ్ పాజిటివ్ వచ్చినవి 9. అన్నిటికన్నా పెద్ద వలయం ఈతకల్లు నుంచి తీసినదానిది. దానికి 16ఎస్ (బ్యాక్టీరియాను గుర్తుపట్టడానికి చదివే జన్యువు) సీక్వెన్సింగ్ చేయిస్తే బ్లాస్ట్‌లో (తెలిసిన సీక్వెన్సులతో పోల్చిచూసే ప్రోగ్రాము) కొమగటైబ్యాక్టర్ యూరోపియస్‌తో 99.8 శాతం, అదే ప్రజాతిలోని జైలినస్‌తో 99.7 శాతం పోలిక చూపించింది. "పైనున్న పేరు రాసెయ్యమ్మా, పరిశ్రమకు పనికొచ్చే కొత్త స్ట్రెయిన్ (జాతిలో ఒక రకం) అని పెట్టు" అంటున్నారు మా గైడ్ గారు. రాయొచ్చంటారా?

చిల్లరకొట్టు
రాసెయ్ చెల్లీ. బైండింగ్ షాపువాడు కూడా లోపల చూడడు.

వర్గీకరణపిచ్చి
రాయకూడదు. 16ఎస్ జన్యువు మొత్తం కలిపితే దాదాపు 1500 అక్షరాలు. 99.8కీ 99.7కీ మధ్య తేడా అంటే ఒకటో రెండో అక్షరాలు. సీక్వెన్సింగ్‌లో దొర్లే తప్పులే అంతుంటాయి. ఈ ప్రజాతిలో జాతులన్నీ 16ఎస్ దగ్గర అక్కచెల్లెళ్లలా ఉంటాయి, దాంతో విడదీయలేం. డీఎన్‌ఏకే, గ్రోఈఎల్, ఆర్‌పీఓబీ జన్యువులు కూడా కలిపి చూడాలి. డబ్బులుంటే పూర్తి జీనోము చేయించి, తెలిసిన జాతి జీనోముతో సగటు న్యూక్లియోటైడ్ పోలిక, ఒకే జాతి అనడానికి పెట్టుకున్న 95-96 శాతం గీత దాటిందో లేదో చూడాలి. ఇంకోటి. యూరోపియస్‌ను 1992లో వర్ణించినప్పుడు దాని ముఖ్య లక్షణంగా చెప్పిందే ఎసిటిక్ యాసిడ్ లేకుండా పెరగదని. మీ జీవైసీలో ఎసిటిక్ యాసిడ్ ఎక్కడుంది? యాసిడ్ లేకుండా హాయిగా పెరిగినదానికి ఆ పేరెలా పెడతారు?
"కొత్త స్ట్రెయిన్" అన్నారు కాబట్టి చెబుతున్నా, ప్రకృతిలోంచి తీసిన ప్రతి ఐసోలేటూ కొత్త స్ట్రెయినే. అందులో గొప్పేమీ లేదు.

మోకు_ముస్తాదు
కల్లు యాడ పట్టినవ్ చెల్లె? చెట్టు కాడనా, దుకాణంలనా?

పులుపుతొట్టి
అమ్మాయ్, 27 ఏళ్లు వెనిగర్ తొట్ల పక్కన నిలబడ్డవాణ్ణి, చిన్న ప్రశ్న అడుగుతాను. జీవైసీలో ఉన్నది గ్లూకోజు కదా? ఈ బ్యాక్టీరియా గ్లూకోజును గ్లూకోనిక్ యాసిడ్‌గా మార్చేస్తుంది, దానికీ సుద్ద కరుగుతుంది. కల్లు నిండా ఉండే లాక్టిక్ బ్యాక్టీరియాకూ కరుగుతుంది. వాటిని కెటలేజ్‌తో ఏరేశావు, బాగుంది. కానీ వలయం పెద్దదైతే వెనిగర్ ఎక్కువ ఇస్తుందని ఎవరు చెప్పారు? గ్లూకోజు తీసేసి ఇథనాల్, సుద్ద ఉన్న ప్లేటు మీద వెయ్యి. ఆపైన ఫ్లాస్కులో పెంచి సోడియం హైడ్రాక్సైడ్‌తో టైట్రేషన్ చేసి ఆమ్లం ఎంతుందో కొలువు. లెక్క ప్రకారం 1 గ్రాము ఇథనాల్‌కు 1.3 గ్రాముల ఎసిటిక్ యాసిడ్ రావాలి. నీకెంత వచ్చింది? 30 డిగ్రీల దగ్గర ఎంత, 38 దగ్గర ఎంత? ఇథనాల్ యాసిడ్ అయ్యేటప్పుడు తొట్టి దానంతటదే వేడెక్కుతుంది. మన ఎండాకాలంలో తొట్టి చల్లబరచడానికయ్యే కరెంటు బిల్లు చూస్తే నీ గైడ్‌కి చెమటలు పడతాయి. పరిశ్రమకు పనికొచ్చేదంటే వేడికి తట్టుకునేది. పేరుదేముంది, పుల్లయ్య అని పెట్టుకో.

పెట్రిప్లేటు
సార్, ఇథనాల్ ప్లేటు కూడా వేశాను. మూడో రోజుకు తేటగా అయింది, ఎనిమిదో రోజుకు మళ్లీ తెల్లగా మసకబారింది. కంటామినేషన్ అనుకుని ఆటోక్లేవ్ చేసి పారేశాను.

వర్గీకరణపిచ్చి
అయ్యో. అసలు ఆధారమే అది.

పులుపుతొట్టి
పారేస్తే పారేశావులే, మంచిదే. తేటపడి మళ్లీ మసకబారిందంటే, చేసిన ఎసిటిక్ యాసిడ్‌ను అదే మళ్లీ తినేసి కార్బన్ డయాక్సైడ్ చేసింది, సుద్ద తిరిగి పేరుకుంది. వండిన అన్నం వంటవాడే తిన్నట్టు. తొట్టిలో ఇలాంటి దొంగ చేరితే 6 శాతానికొచ్చిన సరుకు పొద్దునకల్లా నీళ్లవుతుంది.

వర్గీకరణపిచ్చి
దొంగ కాదు సార్, ఆ గుణమే దాని ఆధార్ కార్డు. గ్లూకోనోబ్యాక్టర్ ఎసిటేట్‌ను అలా కాల్చలేదు. ఎసిటోబ్యాక్టర్, కొమగటైబ్యాక్టర్ కాలుస్తాయి. ఫ్రాటర్ 1950లోనే ఈ ప్లేటుతో గుంపులు విడగొట్టాడు. 16ఎస్‌కు తోడు ఆ ఒక్క ప్లేటు ఫొటో తీసుంటే ప్రజాతి వరకైనా ధైర్యంగా చెప్పేవాళ్లం.

పులుపుతొట్టి
దొంగే. తొట్టిలో ఇథనాల్ పూర్తిగా అయిపోనివ్వకుండా, కొంచెం మిగిలుండగానే సరుకు దింపి కొత్త ద్రావణం ఎందుకు పోస్తామనుకున్నారు? ఇథనాల్ ఉన్నంతసేపూ వాడు యాసిడ్ జోలికి రాడు. ఇవి చేతికి తెలిసే విషయాలు, బ్లాస్ట్ చెప్పదు.

వర్గీకరణపిచ్చి
యూరోపియస్ కూడా ఆ దొంగల కుటుంబమే. యూరప్ వెనిగర్ కర్మాగారాలు చాలావరకు దానిమీదే నడుస్తున్నాయి. అంటే మీ లెక్కన పరిశ్రమంతా దొంగలతో నడుస్తోందా?

పులుపుతొట్టి
కాపలా పెట్టుకుని నడుస్తోంది అంటున్నాను.

ఉల్లాసం
మధ్యలో వచ్చినందుకు సారీ. హైదరాబాద్‌లో కొంబుచా మదర్ (టీ పులియబెట్టే తోడు) ఎవరి దగ్గరైనా దొరుకుతుందా?

మోకు_ముస్తాదు
మల్ల అడుగుతున్న. కల్లు యాడ పట్టిన్రు? ఎవ్వలు జవాబియ్యరేంది?

వర్గీకరణపిచ్చి
పులుపుతొట్టి గారూ, పేరు దండగ అన్నారు కదా. ఈ కుటుంబంలో పుట్టినంత మాత్రాన వెనిగర్ ఇవ్వాలని లేదు. ఇండోనేసియాలో దేవకాంచనం పూల మీద దొరికిన అసాయాకు 2000లో పేరు పెట్టారు. ఎసిటిక్ బ్యాక్టీరియానే, కానీ ఇథనాల్ ఇస్తే ఆమ్లం దాదాపు చేయదు. పేరు తెలిస్తే ఆర్నెల్ల టైట్రేషన్ మిగులుతుంది.

పులుపుతొట్టి
పేరు సంగతి నాకు చెప్పకండి. మీ జైలినస్‌ను 1886లో బ్రౌన్ బ్యాక్టీరియం అన్నాడు. తర్వాత ఎసిటోబ్యాక్టర్ అన్నారు, గ్లూకోనఎసిటోబ్యాక్టర్ అన్నారు, ఇప్పుడు కొమగటైబ్యాక్టర్. నాకు తెలిసి మా ఇంట్లో అద్దెకున్నవాళ్లు కూడా ఇన్నిసార్లు ఇల్లు మారలేదు. అది మాత్రం ఏ పేరుతో పిలిచినా మీగడ కడుతూనే ఉంది.
నా బాధ వేరే ఉంది. ఒక ల్యాబ్ వాళ్లు మాకు స్లాంట్ (గొట్టంలో అగార్ మీద పెంచిన బ్యాక్టీరియా) ఇచ్చారు. పేరు, నంబరు, సర్టిఫికెట్ అన్నీ ముత్యాల్లా ఉన్నాయి. తొట్టిలో వేస్తే 4 శాతం దగ్గర నిలిచిపోయింది. మూడు వారాలు ఉత్పత్తి ఆగింది, యాజమాన్యం నా ఇంక్రిమెంటు ఆపేసింది. తర్వాత తెలిసిందేమంటే, వాళ్లు దాన్ని ఏళ్ల తరబడి ఇథనాల్ లేని అగార్ మీద మారుస్తూ వచ్చారట. ఈ రకాలు అలా పెంచితే ఆమ్లం చేసే శక్తినే పోగొట్టుకుంటాయి. పేరు అదే, పని సున్నా. చివరికి పాత తొట్టి అడుగున మిగిలిన సరుకు బకెట్టుతో తెచ్చి పోస్తే లేచింది.

వర్గీకరణపిచ్చి
అది నిల్వ తప్పు. మైనస్ 80 డిగ్రీల్లో గ్లిసరాల్‌తో పెట్టుకోవాల్సింది. మీ బకెట్టులో ఏముందో మీకు తెలియదు, రేపు అది పోతే మళ్లీ ఎక్కడ వెతుకుతారు? పేరు మీకోసం కాదండీ, పదేళ్ల తర్వాత దాన్ని వెతుక్కుంటూ వచ్చే ఇంకొకడి కోసం. నా పేపరు ఒకటి రెండేళ్లు ఆగిపోయింది, ముందరివాడు 16ఎస్ చూసి జైలినస్ అని రాసిపెట్టిన తప్పును నేను నమ్మినందుకు. అందుకే ఇంత గోల చేస్తున్నా. ఈ అమ్మాయి కూడా ఇంకొకరికి అదే చేయబోతోంది.

పెట్రిప్లేటు
నేనేం చేయబోతున్నానండీ? అడగడానికే కదా వచ్చాను. ఒక్కో సీక్వెన్సుకు నా స్టైపెండ్ నుంచి కట్టుకుంటున్నా. మూడు జన్యువులు, జీనోము అని సులువుగా చెప్పేస్తున్నారు.

మోకు_ముస్తాదు
మూడోసారి అడుగుతున్న. పెద్ద పెద్ద పేర్లు మాట్లాడుతున్నరు గానీ కల్లు ఎక్కడిదో ఒక్కలు అడగరు. కొన్నేండ్ల కింద మా ఊరికి గిట్లనే బ్యాగులేసుకొని వచ్చిన్రు. మా నాయిన చెట్టు మీదికెళ్లి దించిన లొట్లు నాలుగు, "సాయంత్రం తెచ్చిస్తం" అని ఎత్తుకపోయిన్రు. మల్ల రాలే. తర్వాత వాళ్ల పేపర్ల సూస్తే "స్థానిక విక్రేత నుంచి సేకరించినది" అని ఉంది. విక్రేత ఎవడు? మా నాయిన 40 ఏండ్లు మోకు కట్టినోడు. లొట్టిని సబ్బుతోని కడగడు. తియ్యటి నీరా కావాల్నంటె లోపల సున్నం రాస్తడు, పులవకుంట. కల్లు కావాల్నంటె రాయడు, అడుగున మడ్డి ఉండనిస్తడు. మీరు వేరుచేసిన అనే బ్యాక్టీరియా ఆ మడ్డిల మా తాత కాలం నుంచి ఉంది. చెప్పు చెల్లె, యాడ పట్టినవ్?

పెట్రిప్లేటు
అన్నా, నిజం చెబుతున్నా. టౌన్‌లో కల్లు కాంపౌండ్‌లో లీటరు కొన్నాను. చెట్టు దగ్గరకు వెళ్లలేదు. డ్రాఫ్టులో మాత్రం "ఈతచెట్టు నుంచి సేకరించిన తాజా కల్లు" అని ఉంది. ఆ వాక్యం గైడ్ గారిది.

మోకు_ముస్తాదు
గదే అనుకున్న. కాంపౌండ్ల దొరికేదాంట్ల ఎంత చెట్టుదో, ఎంత పొడిదో దేవునికెరుక. కొన్నిచోట్ల క్లోరల్ హైడ్రేటు, డైజిపామ్, శాక్రిన్ కలిపి పట్టుబడినోళ్లు లేరా? దాన్ని పట్టుకొని ఈతచెట్టు బ్యాక్టీరియా అంటవా?

వర్గీకరణపిచ్చి
ఇప్పటిదాకా 16ఎస్ గురించి కొట్టుకుచచ్చాం. నేనే ముందు అడగాల్సిన ప్రశ్న ఇది, మోకు గారు మూడుసార్లు అడగాల్సొచ్చింది. ప్లాస్టిక్ డ్రమ్ములో రోజుల తరబడి పులిసిందైతే ఆ స్ట్రెయిన్ చెట్టుది కావచ్చు, డ్రమ్ముది కావచ్చు. జాతి పేరు తప్పితే రేపు సరిదిద్దొచ్చు. ఎక్కడ దొరికిందో తప్పు రాస్తే ఆ స్ట్రెయిన్‌ను ఎవరూ మళ్లీ పట్టుకోలేరు. 2002 జీవవైవిధ్య చట్టంలో సూక్ష్మజీవులు కూడా జీవ వనరులే. రేపు మీ గైడ్ పేటెంటుకు వెళ్తే, చెన్నైలోని జాతీయ జీవవైవిధ్య ప్రాధికార సంస్థ దగ్గర నమోదు చేయించుకోవాలి, అక్కడా ఈ చెట్టు ఏ ఊరిదని అడుగుతారు.

పులుపుతొట్టి
బ్యాక్టీరియా అబద్ధం కాదుగా. పనిచేస్తే డ్రమ్ముదైనా నాకు పర్లేదు.

వర్గీకరణపిచ్చి
మీకు పర్లేదు సార్. రేపు మీ స్లాంట్ పోతే ఏ డ్రమ్ము దగ్గరికి వెళ్తారు?

పులుపుతొట్టి
...సరే. ఆ మాట ఒప్పుకుంటా.

పెట్రిప్లేటు
ఆ వాక్యం మార్చమని ఈరోజే గైడ్ గారికి మెయిల్ పెట్టాను. పేరు దగ్గర "కొమగటైబ్యాక్టర్, జాతి తేలలేదు" అని రాస్తా. ఇథనాల్ ప్లేటు మళ్లీ వేసి రోజూ ఫొటో తీస్తా. మోకన్నా, మీ ఊరికి రావచ్చా?

మోకు_ముస్తాదు
రా. పొద్దున 6 గంటల వరకు చెట్టు కాడ ఉండాలె. మా నాయిన దించుతుంటె నీ బుడ్లు నువ్వే నింపుకో. అప్పుడే దించింది తియ్యగుంటది, పొద్దెక్కినంక పులుసుతది. అది కూడ పట్టు, అడుగు మడ్డి కూడ పట్టు.

పులుపుతొట్టి
తెచ్చాక ఒక సీసాకు మూత బదులు పలచటి బట్ట కట్టి రెండు రోజులు గాలి తగలనివ్వమ్మా. గాలి లేకపోతే ఇవి లేవవు. 38 డిగ్రీల సంగతి మాత్రం మర్చిపోకు.

పెట్రిప్లేటు
అలాగే సార్. మోకన్నా, ఈసారి పేపర్‌లో "స్థానిక విక్రేత" అని ఉండదు. మీ నాన్నగారి పేరు రాయడం ఆయనకు ఇష్టమేనా, ఒక్కసారి అడిగి చెప్పండి.

మోకు_ముస్తాదు
అడిగిన. పేరు నీ ఇష్టమంట. లొట్టి మాత్రం ఎత్తుకపోవద్దన్నడు.