ప్రాణం "పోసిన" కంచా, "పోయిన" కంచా?

గంటం: లాటిన్ కవి వర్జిల్ కావ్యం 'ఈనీడ్' ఆరో సర్గలో గ్రీకు శిల్పుల గురించి "స్పిరాంతియా ఏరా" అని ఉంది కదా. దానికి ఎవరో చెప్పిన తెలుగు పాత నోటుబుక్కులో రాసుకున్నాను: "ప్రాణం పో-న కంచు". సరిగ్గా ఆ అక్షరం మీదే ఇంకు ఒలికింది. "సి"నా, "యి"నా?

తాటాకు: ఏరా ఏమిటండీ, ఎవర్ని పిలుస్తున్నారు! వర్జిల్ కాలంలో "ఐరా" అనేవారు. సరే, "పోసిన" కాక ఇంకేముంటుంది? పోసేది కంచే, పోసేది ప్రాణమే.

నల్లబల్ల: వర్జిల్ పోయలేదండీ. ఆయన వాడిన క్రియ "ఎక్స్‌కూదెంత్", అంటే సుత్తితో కొట్టి తీర్చడం. పెద్ద గ్రీకు విగ్రహాలు పోతవే గానీ, కవికి సుత్తి చప్పుడు నచ్చినట్టుంది. "ఊపిరి తీసే కంచు" అంటే సరి.

తాటాకు: ఊపిరి తీస్తే చస్తాం కదండీ. "ఊపిరాడే" అనండి.

కుంపటి: నా ఓటు "పోయిన"కి. మట్టి అచ్చు కాలిస్తే లోపలి మైనం కరిగి పోతుంది, ఆ ఖాళీలోనే కంచు పోస్తారు. ఒకటి పోతేనే ఇంకోటి పోసేది.

నల్లబల్ల: అది శ్లేష మీద మోజు, అర్థం కాదు.

గంటం: 1885లో రోమ్‌లో దొరికిన కంచు ముష్టియోధుణ్ణి తలుచుకోండి. పిడికిళ్లకు తోలుపట్టీలు, విరిగిన ముక్కు, ఉబ్బిన చెవులు. కూర్చునే ఉన్నాడు, కానీ ఎవరో పిలిచినట్టు తల కుడివైపు తిప్పాడు. కుడి చేతి మీద, తొడ మీద రాలిన నెత్తురు చుక్కలు ఎర్రగా కనబడాలని రాగి పొదిగారు. ప్రాణం పోసిందా, పోతోందా? అందుకే నాకీ టెన్షన్.

కుంపటి: అసలు కంచు విగ్రహాలు మిగిలినవెన్ని? చాలా వాటిని కరిగించేశారు, కంచు కాగడా పెట్టి వెతకాల్సిందే. 1928లో గ్రీసులోని ఆర్టెమిసియన్ దగ్గర సముద్రంలోంచి తీసిన దేవుడు 2.09 మీటర్లు. కుడి మడమ లేచి ఉంది, చెయ్యి విసరబోతోంది. చేతిలో ఉండాల్సిందే పోయింది. పిడుగైతే జ్యూస్, త్రిశూలమైతే పొసైడన్. మీ అక్షరం లాగే!

తాటాకు: ఆ కూర్చున్నవాణ్ణి చూస్తే వేమన "కంచు మ్రోగినట్టు" అనేవాడు కాదు. అంత మౌనం.

నల్లబల్ల: "మ్రోగినట్లు" అండీ.

తాటాకు: మా తాతగారి నోట "నట్టు" అనే విన్నాను. రెండూ గలమే, గణం చెడదు.

నల్లబల్ల: గణం చెడదు కాబట్టే ఎవరికి తోచినట్లు వారు మార్చేశారు.

తాటాకు: "తోచినట్టు".