‘వాయుగుండం’ నిర్వచనం సరిచూడగలరా?

కాకినాడ సభ్యురాలు:

అందరికీ నమస్కారం. తీరగ్రామాల వారి కోసం తుఫాను జాగ్రత్తల మీద ఒక చిన్న పుస్తకం తయారుచేస్తున్నాం. చివరన పదాల పట్టిక ఇవ్వాలి. మా కార్యాలయంలో ఒకరు రాసినదాన్ని అదే పని చేసే తోటివారు చదివి, పక్కన అభిప్రాయం రాసి ఇస్తేనే అచ్చుకు వెళుతుంది. ‘వాయుగుండం’ దగ్గర నా వాక్యం వెనక్కి వచ్చింది. పక్కన ‘స్పష్టత లేదు’ అన్న రెండు మాటలే ఉన్నాయి. వాక్యం ఇది:

‘వాయుగుండం: సముద్రం మీద ఏర్పడి, భారీ వర్షాలు కురిపిస్తూ తీరం వైపు దూసుకువచ్చే, తుఫాను కంటే చిన్నదైన గాలి గుండం.’

చదవడానికి నాకు బాగానే ఉంది. భాష మార్చాలా, విషయం మార్చాలా? పెద్దలు చెప్పగలరు.

తెనాలి మాస్టారు:

అమ్మా, భాషకేమీ లోటు లేదు. వాక్యం సాఫీగా సాగింది కాబట్టే లోపం కంటికి ఆనడం లేదు. ‘స్పష్టత లేదు’ అని రాసి ఊరుకున్నవారు మాత్రం తమ పని సగంలో వదిలేశారు. ఆ మాట చూసి రాసినవారు ఏం చేయాలి? ఒకటి రెండు పదాలు మార్చి మళ్లీ పంపుతారు. అదీ వెనక్కి వస్తుంది.

నిర్వచనాన్ని పరీక్షించడానికి మనవాళ్లు ఎప్పుడో మూడు మాటలు తయారుచేసి పెట్టారు. తర్కశాస్త్రానికి తొలి పాఠంగా చదివే అన్నంభట్టు గ్రంథం ‘తర్కసంగ్రహం’ చదివిన ప్రతి విద్యార్థికీ అవి తెలుసు. ‘కాశీకి పోయినంత మాత్రాన ప్రతి వాడూ అన్నంభట్టు కాలేడు’ అన్న లోకోక్తి ఈయన మీదే పుట్టింది. అక్కడి ఉదాహరణ ఆవు. ఆవు అంటే కపిలవర్ణం గలది అన్నామనుకోండి, నల్లావు, తెల్లావు బయటే ఉండిపోతాయి. రావలసినది రాకపోతే అవ్యాప్తి. కొమ్ములు గలది అంటే గేదె, మేక కూడా లోపలికి వచ్చేస్తాయి. రాకూడనిది వస్తే అతివ్యాప్తి. గుర్రానికి ఉన్నట్లు చీలిక లేని గిట్ట గలది అంటే ఒక్క ఆవు కూడా మిగలదు. అది అసంభవం. మూడింటికీ దొరకని లక్షణం గంగడోలు, అంటే ఆవు మెడ కింద వేలాడే తోలు. అందుకే ‘సాస్నాదిమత్త్వం’ అన్నారు. సాస్న అంటే గంగడోలే.

ఇప్పుడు మీ వాక్యాన్ని ముక్క ముక్కగా చూద్దాం.

‘సముద్రం మీద ఏర్పడి’: మన వాయుగుండాల్లో చాలావరకు బంగాళాఖాతంలో పుట్టినవే. కానీ నైరుతి రుతుపవనాల కాలంలో నేల మీద ఏర్పడేవీ ఉన్నాయి. వాటిని మీరు బయట నిలబెట్టారు. అవ్యాప్తి.

‘భారీ వర్షాలు కురిపిస్తూ’: అల్పపీడనం కురిపించదా? తుఫాను కురిపించదా? అతివ్యాప్తి. దీనిలో ఇంకో చిక్కు కూడా ఉంది. ‘భారీ’ అన్నది మనకు మామూలు విశేషణమే గాని, వాతావరణ శాఖకు అది కొలత. ఉదయం ఎనిమిదిన్నరతో ముగిసే 24 గంటల్లో 64.5 నుంచి 115.5 మిల్లీమీటర్ల వరకు పడితే భారీ వర్షం. అది దాటి 204.4 వరకు అతి భారీ, ఆపైన అత్యంత భారీ. అంటే మీరు ఒక పదాన్ని వివరించబోయి, వివరణ అవసరమైన మరో పదాన్ని మధ్యలో పెట్టారు.

‘తీరం వైపు దూసుకువచ్చే’: నడిసముద్రంలోనే బలహీనపడి పోయేవి ఉన్నాయి. మళ్లీ అవ్యాప్తి. ‘దూసుకురావడం’ పత్రికల వారి ఇష్టపదం. వార్తలో అందంగానే ఉంటుంది గాని, కొన్ని వాయుగుండాలు ఉన్నచోటే గంటల తరబడి కదలకుండా నిలబడతాయి.

‘తుఫాను కంటే చిన్నదైన’: అన్నిటిలోకీ పెద్ద పొరపాటు ఇక్కడుంది. చిన్నది, పెద్దది అంటే చదివేవాళ్లకు వైశాల్యం తోస్తుంది. విభజన వైశాల్యాన్ని బట్టి కాదు, గాలి వేగాన్ని బట్టి. 1974లో ఆస్ట్రేలియాలోని డార్విన్ నగరాన్ని నేలమట్టం చేసిన ట్రేసీ తుఫానులో పెనుగాలులు కేంద్రం నుంచి సుమారు 50 కిలోమీటర్ల లోపే ఉన్నాయి. దానికంటే ఎన్నో రెట్లు విశాలమైన వాయుగుండాలు ముసురు పట్టించి వెళ్లిపోతాయి. ఇంకొకటి: ‘తుఫాను’ దగ్గర మీరు ‘వాయుగుండం కంటే పెద్దది’ అని రాసి ఉంటే, రెండు పదాలూ ఒకదాని చూరు ఒకటి పట్టుకుని వేలాడుతున్నట్లే. తర్కంలో దాన్ని అన్యోన్యాశ్రయం అంటారు.

‘గాలి గుండం’: వాయువు అంటే గాలి. పదాన్ని విడగొట్టి మళ్లీ చెప్పారు, అంతే. ఎండాకాలంలో బయలులో లేచే సుడిగాలిని కూడా గాలి గుండమనవచ్చు. అతివ్యాప్తి.

నేనైతే ఇలా రాస్తాను: ‘వాయుగుండం: గాలులు గంటకు 31 నుంచి 50 కిలోమీటర్ల వేగంతో చుట్టూ తిరుగుతున్న అల్పపీడనం.’

బెంగళూరు సభ్యుడు:

గుండం అంటే లోతైనది కదా. ‘గాలిని తన లోపలికి, కిందికి లాక్కునేది’ అని చేరిస్తే చదివేవాళ్లకు బొమ్మ కట్టినట్లు ఉండదా? నదిలో సుడిగుండం అందరూ చూసిందే.

తెనాలి మాస్టారు:

మూడో దోషానికి ఉదాహరణ దొరకలేదే అనుకుంటున్నాను, మీరే ఇచ్చారు. అల్పపీడనంలో గాలి నాలుగు వైపుల నుంచి చేరి పైకి లేస్తుంది. ఆ లేచిన తేమ గాలి చల్లబడబట్టే మబ్బు, వాన. కిందికి దిగే గాలి అంటే మబ్బులు విడిపోయే అధికపీడనం. కిందికి లాక్కునే వాయుగుండం ఒక్కటి కూడా ఉండదు. అసంభవం. పదం పుట్టుకలో ఉన్న పోలికను నిర్వచనంలోకి తెచ్చుకుంటే ఇలాంటి చిక్కులే వస్తాయి.

హైదరాబాద్ సభ్యురాలు:

మాస్టారూ, క్షమించాలి, మీ వాక్యానికీ ఒక అభ్యంతరం ఉంది. నేను బీమా పత్రాలు సరిచూసే పనిలో ఉన్నాను. అక్కడ ఒకే పదం రెండు అర్థాల్లో కనబడితే మొదట ఎర్ర గీత పడుతుంది. మీరు వాయుగుండాన్ని ‘అల్పపీడనం’ అన్నారు. కానీ పట్టికలో అల్పపీడనం విడిగా ఒక పదం. అక్కడ ‘గాలి వేగం 31 కిలోమీటర్ల లోపు’ అని ఉంటుంది. ఇక్కడేమో 31 నుంచి 50 వరకు ఉన్నదీ అల్పపీడనమే అంటున్నారు. తండ్రికీ కొడుకుకూ ఒకే పేరు పెట్టి, ఇంటిపేరు లేకుండా పిలిచినట్లు ఉంది. టీవీలో ‘అల్పపీడనం వాయుగుండంగా మారింది’ అని విన్నవారు మీ వాక్యం చదివితే, మారిందా, ఇంకా అల్పపీడనమేనా అని అడుగుతారు.

తెనాలి మాస్టారు:

సరైన అభ్యంతరం. నా వాక్యం ఉపసంహరించుకుంటున్నాను. జాతిని, అంటే అది ఏ కోవకు చెందినదో, చెప్పే మాట పట్టికలో పోటీపడే మాట కాకూడదు. ‘గాలి ఒత్తిడి తగ్గిన చోటు’ అని మామూలు మాటల్లో చెబుదాం. అది అన్నిటికీ ఉమ్మడిగా పనికొస్తుంది. అప్పుడు వేగం ఒక్కటే మారుతూ వస్తుంది: 31 కిలోమీటర్ల లోపు అల్పపీడనం, 31 నుంచి 50 వాయుగుండం, 51 నుంచి 62 తీవ్ర వాయుగుండం, 63 నుంచి 88 తుఫాను. ఆ పైవి తీవ్ర తుఫాను, అతి తీవ్ర తుఫాను, ఇలా వెళతాయి.

కాకినాడ సభ్యురాలు:

అందరి మాటా దృష్టిలో పెట్టుకుని తిరగరాశాను. ఒక్కసారి చూడండి:

‘వాయుగుండం: సముద్రం మీద గాని, కొన్ని సందర్భాల్లో నేల మీద గాని, గాలి ఒత్తిడి చుట్టుపక్కల కంటే తగ్గిన చోటును కేంద్రంగా చేసుకుని, ఉత్తరార్ధగోళంలో గడియారపు ముల్లు తిరిగే దిశకు వ్యతిరేకంగా, మూడు నిమిషాల సగటున గంటకు 31 నుంచి 50 కిలోమీటర్ల వేగంతో గాలులు వీస్తూ, వర్షాలు కురిపించే అవకాశం గల, తీరం వైపు కదలవచ్చు లేదా కదలకపోవచ్చు గల స్థితి.’

దీనిలో మూడు దోషాల్లో ఏదీ లేదనుకుంటాను. కానీ పైకి చదివితే ఊపిరి ఆడడం లేదు.

తెనాలి మాస్టారు:

దోషాలు లేవు. చదివేవాడూ లేడు.

ఇది మీ తప్పు కాదు. సమీక్షలో వచ్చిన ప్రతి అభ్యంతరానికీ వాక్యంలోనే చోటు ఇవ్వాలనుకుంటే ఎవరి వాక్యమైనా ఇలాగే ఉబ్బుతుంది. కార్యాలయాల్లో, ముఖ్యంగా చట్టాల, ఒప్పందాల ముసాయిదాల్లో, నాకు తెలిసి నిర్వచనాలు పాడయ్యేది రాసేటప్పుడు కాదు, సరిదిద్దేటప్పుడే. ఒక్కో సమీక్షకుడు ఒక్కో ‘గాని’, ఒక్కో ‘లేదా’ తగిలించి పోతాడు.

మళ్లీ అన్నంభట్టు దగ్గరికే వెళ్లాలి. ఆయన తర్కసంగ్రహాన్ని ‘బాలానాం సుఖబోధాయ’, అంటే పిల్లలకు సులువుగా తెలియడం కోసం, రాస్తున్నానని మొదటి శ్లోకంలోనే చెప్పుకున్నాడు. ఆ మాట నిలబెట్టుకున్నాడు కూడా. భూమికి ఆయన ఇచ్చిన లక్షణం ‘గంధవతీ పృథివీ’. రెండే మాటలు. వాసన గలది భూమి.

అంత చిన్న మాటను ఎవరూ ఆక్షేపించలేదా అంటే, ఆయనే ఆక్షేపించుకున్నాడు. తన గ్రంథానికి తానే ‘దీపిక’ అని వ్యాఖ్య రాసి, అందులో ఎదుటివాడి గొంతుతో ‘నను’ అని ప్రశ్న ఎత్తుతాడు. పుట్టిన మొదటి క్షణంలో ఏ వస్తువుకూ గుణాలు ఉండవని వారి సిద్ధాంతం; మరి పుట్టిన క్షణంలోనే నశించిన కుండకు వాసన ఉండదు కదా, అవ్యాప్తి కాదా అని. నీళ్లకు కూడా వాసన తెలుస్తుంది కదా, అతివ్యాప్తి కాదా అని. మొదటిదాన్ని ఒప్పుకుని, గంధంతో కలిసి ఉండే, ద్రవ్యత్వానికి లోబడిన జాతి గలది అని నా ఉద్దేశం అంటూ లక్షణాన్ని బిగిస్తాడు. అంటే ఆ కుండకు వాసన లేకపోయినా, వాసన ఉండే వాటి కోవకు చెందితే చాలు. రెండోదానికి ‘ఇతి చేన్న’, అలా అనకు, నీళ్లలో తెలిసేది కలిసిన మట్టి వాసనే, నీటిది కాదు అంటాడు. చూశారా, ఒక అభ్యంతరానికి వివరం మారింది, మరో అభ్యంతరానికి జవాబు మాత్రమే దొరికింది. ఏ అభ్యంతరానికి తలవంచాలో, దేనికి నిలబడాలో ఆయనకు తెలుసు.

నాకు ఇందులో నచ్చేది ఇంకొకటి. ఇంత వాదం జరిగినా మూలంలో ‘గంధవతీ పృథివీ’ అలాగే ఉంది. బిగించిన లక్షణం దీపికలోకి వెళ్లింది. పిల్లవాడికి మూలం, వాదించేవాడికి వ్యాఖ్య. మీ పుస్తకానికీ ఇలాగే రెండు అంతస్తులు పెట్టండి. పట్టికలో ఒక్క వాక్యం. నేల మీద ఏర్పడే సంగతి, మూడు నిమిషాల సగటు సంగతి, తిరిగే దిశ సంగతి, ఇవన్నీ శిక్షణ ఇచ్చేవారి దగ్గర ఉండే ప్రతిలో వివరంగా. వర్షం, కదలిక రెండూ లక్షణాలే కావు, తీసేయండి.

శ్రీకాకుళం సభ్యుడు:

అంతా చదివాను. మా ఊరివాళ్లు చేపల వేటకు వెళ్లేవాళ్లు. వాళ్లకు 31కీ 50కీ తేడా పడవ మీద కొలిచి చూసే వీలు లేదు. వాయుగుండం అన్న మాట రేడియోలో వినగానే తెలియవలసింది ఒకటే: వేటకు వెళ్లకూడదు, సముద్రంలో ఉన్నవాళ్లు వెనక్కి రావాలి. ఆ ముక్క పట్టికలో ఎక్కడా లేదు.

అసలు ప్రాణం తీసే పదం మీరెవరూ ముట్టుకోలేదు. ‘తీరం దాటడం’. తీరం దాటింది అని వినగానే గండం గడిచిందని జనం బయటికి వస్తారు. దాటేది తుఫాను మొత్తం కాదు, దాని కేంద్రం. వెనక సగం ఇంకా సముద్రం మీదే ఉంటుంది. బలమైన తుఫానుకు కన్ను ఉంటుంది. అది మన మీదుగా వెళ్లేటప్పుడు గాలి ఆగిపోతుంది, కాసేపటికి ఎదురు దిక్కు నుంచి మళ్లీ విరుచుకుపడుతుంది. 2014 అక్టోబరు 12న హుద్‌హుద్ విశాఖలోనే తీరం దాటింది, అక్కడివారిని అడగండి.

తెనాలి మాస్టారు:

బాబూ, మీరు చెప్పింది తర్కంలో లేని పరీక్ష. లక్షణం నిర్దుష్టంగా ఉండి కూడా చదివేవాడికి పనికిరాకపోవచ్చు. అందుకే సమీక్షకు ఇచ్చే ఇద్దరిలో ఒకరు విషయం తెలిసినవారు, ఒకరు ఆ పుస్తకం చేతిలో పట్టుకునేవారు అయితే మంచిది. కాకినాడ అమ్మాయి గారూ, మీరు మీ ప్రతిని ముందు ఈయనకు చూపించవలసింది.

కాకినాడ సభ్యురాలు:

ధన్యవాదాలండీ. ఇవి ఈరోజు పంపుతున్నాను:

‘వాయుగుండం: గాలి ఒత్తిడి తగ్గిన చోటు చుట్టూ గాలులు గంటకు 31 నుంచి 50 కిలోమీటర్ల వేగంతో సుడి తిరుగుతున్న స్థితి. ఈ మాట వింటే వేటకు వెళ్లకండి.’

‘తీరం దాటడం: తుఫాను కేంద్రం సముద్రం మీది నుంచి నేల మీదికి రావడం. గాలులు అంతకు ముందే మొదలవుతాయి, ఆ తర్వాత కూడా కొన్ని గంటలు ఉంటాయి. గాలి ఒక్కసారిగా ఆగిపోయినా బయటికి రాకండి.’

తర్వాతి పదం ‘ఉప్పెన’. ‘సముద్రపు నీరు ఒక్కసారిగా పొంగి ఊళ్లను ముంచడం’ అని రాసుకున్నాను. ఇది నిలబడుతుందా?

తెనాలి మాస్టారు:

అతివ్యాప్తి. 1977 నవంబరు 19న దివిసీమను ముంచినదీ మీ వాక్యంలో ఉంది, 2004 డిసెంబరు 26న వచ్చిన సునామీ కూడా ఉంది. తుఫాను పుస్తకానికి మొదటిది కావాలి, రెండోది అక్కరలేదు. రెండోదాన్ని బయటికి పంపే మాట ఒకటి కావాలి. నీటిని తోసింది గాలి, అక్కడి నుంచి మొదలుపెట్టండి. రాశాక శ్రీకాకుళం వారికి పంపి, ఆ తర్వాత నాకు పంపండి.