రైళ్ల లైవ్ డేటా ఆర్టీసీకి ఇవ్వాలా, వద్దా?

నల్గొండ ప్యాసింజర్: మొన్న రాత్రి మా రైలు క్రాసింగ్‌లో పడి, అంటే ఎదురు బండికి దారివ్వడానికి స్టేషన్‌లో ఆగి, 40 నిమిషాలు లేటైంది. దిగేసరికి మా ఊరి చివరి బస్సు వెళ్లిపోయింది. పిల్లలతో తెల్లారేదాకా స్టేషన్‌లోనే కూర్చున్నాం. రైలు లేటని నా ఫోన్‌లో కనిపిస్తూనే ఉంది, బస్సు నడిపేవాళ్లకే తెలియలేదు. ఇస్రో సాయంతో ఇంజన్లలో పెట్టిన ఆర్‌టీఐఎస్ పరికరాలు 30 సెకన్లకోసారి లొకేషన్ పంపుతాయి. దాన్ని నేరుగా ఆర్టీసీ డిపోలకు ఇస్తే ఏం పోతుంది? ఢిల్లీలో 2018లోనే బస్సుల లైవ్ లొకేషన్ అందరికీ ఇవ్వడం మొదలుపెట్టారు.

పాత కంట్రోలర్ (జడ్చర్ల): తమ్ముడూ, నీ బాధ నిజమే. కానీ బండి ఎక్కడుందో తెలిసినంత మాత్రాన ఎప్పుడొస్తుందో తెలియదు. మీ బీబీనగర్–గుంటూరు లైను చాలావరకు సింగిల్, రానూ పోనూ ఒకటే ట్రాక్. ఏ బండిని ఆపి ఏది వదలాలో సెక్షన్ కంట్రోలర్ అప్పటికప్పుడు తేలుస్తాడు. గూడ్సు ఒకటి అడ్డం వస్తే లెక్కంతా మారిపోతుంది. ఆ అంచనా నమ్మి బస్సు ఆపితే రెండు వైపులా జనం తిట్టుకుంటారు. పైగా గూడ్సు బళ్ల కదలికలు బయటపెట్టడం నాకు అస్సలు ఇష్టం లేదు.

గద్వాల అమ్మాయి: నాకు ఇంకో భయం. 2022లో ఐఆర్‌సీటీసీ ప్రయాణికుల డేటాతో ఆదాయం తెచ్చుకునే దారి చూపమని కన్సల్టెంట్ కోసం టెండర్ పిలిచింది. గొడవయ్యాక వెనక్కి తీసుకుంది. ఈ రోజు లొకేషన్ అంటారు, రేపు మన ఫోన్ నంబర్లు అడగరని నమ్మకమేంటి?

నల్గొండ ప్యాసింజర్: అక్కా, రైలు ఎక్కడుందన్నది వేరు, అందులో ఎవరున్నారన్నది వేరు. రెండోది ఎవరికీ ఇవ్వకూడదు, అందులో నేను మీతోనే ఉన్నాను. సార్, గూడ్సు సంగతీ ఒప్పుకుంటున్నాను. ప్యాసింజర్ బళ్లవి చాలు.

పాత కంట్రోలర్ (జడ్చర్ల): అలాగైతే ఒక మాట. మన స్టేషన్‌కు ముందు స్టేషన్ నుంచి బండి కదిలిందంటే, మధ్యలో ఇంక క్రాసింగ్ ఉండదు. సింగిల్ లైన్‌లో ఆ ముక్కలోకి ఎదురు బండిని వదలరు. ఆ ఒక్క కబురు డిపోకు అందితే నమ్మొచ్చు. రోజంతా లొకేషన్ పంపడం కంటే అదే మేలు.

గద్వాల అమ్మాయి: దానికైతే నాకూ అభ్యంతరం లేదు. కానీ అప్పటికే బస్సెక్కి కూర్చున్నవాళ్లు ఎంతసేపు ఆగాలి? అది ముందే బోర్డు మీద రాసి పెట్టాలి. పది నిమిషాలు మించితే నేనైతే ఒప్పుకోను.